లిస్టు ఎవరు రాయాలి? ఆకలిపై పోరాటంలో ఆకలి తెలిసినవాళ్ల నాయకత్వం

రంజాన్ దగ్గర పడుతుందంటే మైలవరం, కొండపల్లి, ఇబ్రహీంపట్నం, విజయవాడ మసీదుల్లో ఒక లిస్టు తయారవుతుంది. ఏ ఇంటికి రేషన్ కిట్ ఇవ్వాలి, ఏ ఇంటికి ఫిత్రా చేరాలి, జకాత్ ఎవరికి వర్తిస్తుంది అని. ఈ లిస్టు సాధారణంగా ఎవరు రాస్తారు? ఇచ్చేవాళ్లే రాస్తారు. తీసుకునేవాళ్లు లైన్‌లో నిలబడతారు. బస్తాలో ఏముండాలో, ఎప్పుడివ్వాలో, ఎవరికి ముందివ్వాలో వాళ్లను అడిగే అలవాటు చాలాచోట్ల లేదు.

ఈ అలవాటును తిరగేసి చూపించినవాళ్లు ఉన్నారు. తెలంగాణలోని జహీరాబాద్ చుట్టుపక్కల దళిత మహిళలు, అమెరికాలో నల్లజాతి సమాజం. ఒకరి గురించి ఒకరికి పెద్దగా తెలియకుండానే ఈ ఇద్దరూ ఒకే మాట పట్టుకున్నారు. ఆకలి బాధ తెలిసినవాళ్ల చేతికే గరిటె రావాలి, లిస్టు రాసే కలం కూడా రావాలి. వాళ్లేం చేశారు, ఎలా చేశారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నది మన మొహల్లాలకూ పనికొచ్చే సంగతే.

డెల్టాలో ఆకలేమిటి?

కృష్ణా డెల్టా అనగానే వరిచేలు గుర్తొస్తాయి. కానీ ఈ నేల ఆకలి ఎరగనిది కాదు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని పట్టిన కరువులో అప్పటి 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది చనిపోయారని అంచనా. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనక దాన్ని నందన కరువు అన్నారు. జనం డొక్కలు ఎండిపోయాయి కనక డొక్కల కరువు అనీ అన్నారు. ఆ తర్వాతే 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది.

ఆనకట్ట నీళ్లు డెల్టాకు అన్నం పెట్టాయి. మైలవరం వైపు మెట్ట భూములు, మామిడి తోటలు ఎక్కువ. ఇక్కడ కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగే ఇళ్లు ఎప్పుడూ ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇవ్వడంతో అలాంటి ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక రేషన్ బియ్యం ఒక హక్కు అయింది. ఆ చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డున్న ఇంటికి 35 కిలోలు.

అంటే కడుపు నింపే బియ్యం చాలావరకు అందుతోంది. మరి సమస్య ఎక్కడుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-20) లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కడుపు నిండినా ఒంట్లో రక్తం లేదన్నమాట. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అందడం లేదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషి ఆకలి ఏ రేషన్ కార్డులోనూ కనిపించదు. ఈ రకం ఆకలి సంగతి బస్తా మోసుకొచ్చేవాళ్లకు తెలియదు. వంటింట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

జహీరాబాద్ ఆడవాళ్ల లెక్క

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ అనే ఊరుంది. 1983లో అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్, అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవాడు. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు. సొసైటీ కట్టిన మహిళా సంఘాలు దాదాపు 75 ఊళ్లకు విస్తరించాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చాలామందికి అక్షరాలు రావు, చాలామంది ఎవరి పొలంలోనో కూలికి వెళ్లినవాళ్లు.

ఆ ఊళ్లలో పేదలకు అసలు భూమి లేకపోలేదు. ప్రభుత్వం పంచిన ఎకరం రెండెకరాలు ఉన్నాయి. కాకపోతే అవి రాళ్లు, గరుకు ఎర్రనేలలు. దున్నడానికి ఎడ్లు, వేయడానికి ఎరువు, పెట్టుబడి లేక బీడు పెట్టేశారు. రేషన్ షాపులో చవక బియ్యం రావడంతో జొన్నలు పండించే పని కూడా తగ్గిపోయింది. అలా తమ తిండి తాము పండించుకునే జనం షాపు ముందు చెయ్యి చాచేవాళ్లయ్యారని సంఘాల మహిళలు, సతీష్ వాదించారు.

1990ల మధ్యలో వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. దాని పేరు సామూహిక ధాన్యనిధి. పనిచేసే తీరు ఇలా ఉండేది.

బీడు భూమి ఉన్న పేద రైతుకు దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇస్తారు. ఆ అప్పును డబ్బుగా తీర్చనక్కర్లేదు. పండిన జొన్నల్లో కొంత భాగంగా కొన్నేళ్లపాటు తీర్చాలి. అలా వచ్చిన గింజలు పట్నం గోదాముకు పోవు, ఆ ఊళ్లోనే నిల్వ ఉంటాయి. వానాకాలంలో, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో, వాటిని ఆ ఊళ్లోని నిరుపేద ఇళ్లకు బజారు ధర కంటే బాగా తక్కువకు అమ్ముతారు. అమ్మగా వచ్చిన డబ్బు నిధిలో పడుతుంది. మళ్లీ ఇంకొన్ని బీళ్లు సాగులోకి వస్తాయి.

మరి నిరుపేద ఇల్లు ఏదో తేల్చేదెవరు? తహసీల్దారు కాదు, సొసైటీ ఆఫీసులోని ఉద్యోగి కాదు. ఊరంతా ఒకచోట కూర్చుంటుంది. నేలమీద ముగ్గుతో ఊరి పటం గీస్తారు, ఇల్లిల్లూ గుర్తిస్తారు. ఇంట్లో సంపాదించే మనిషి ఉన్నాడా, ఎడ్లు ఉన్నాయా, ఇంటి గోడ నిలబడి ఉందా, పిల్లల్ని పనికి పెట్టారా అని చూసి, ఎవరు ఎంత పేదలో మెట్లు కడతారు. ఈ మెట్లు ఏమిటో చెప్పింది పేదవాళ్లే. అందరి ముందూ తేలుతుంది కనక పలుకుబడి ఉన్నవాళ్ల పేరు దొంగచాటుగా లిస్టులో ఎక్కడం కష్టం. నోరులేని వితంతువు పేరు జారిపోవడమూ కష్టమే.

ఇలా ఎక్కువ మేలు జరిగింది గింజలు దొరకడం వల్లే కాదు. బీడు సాగులోకి రావడంతో కూలి పనులు పెరిగాయి, పశువులకు చొప్ప దొరికింది. జొన్నతో పాటు కొర్ర, సజ్జ, కంది, అనుము కలిపి వేయడంతో ఇంట్లో పప్పు కూడా దొరికింది. విత్తనాలు ఇంట్లోనే దాచుకుని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాతపంటల జాతర అలా వచ్చిందే.

తమ మాట తామే చెప్పుకోవాలని 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో పెట్టారు. దాన్ని నడిపేది ఆ మహిళలే. వారిలో జనరల్ నర్సమ్మ పేరు దేశమంతా విన్నది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ సొసైటీకి దక్కింది. ఒకప్పుడు గింజల కోసం పెద్దరైతు గడప తొక్కిన ఆడవాళ్లు, ఇప్పుడు ఊరికి విత్తనాలు ఇచ్చేవాళ్లయ్యారు.

అమెరికాలో అదే మాట

జహీరాబాద్ కంటే ముందే ఈ దారి నడిచినవాళ్లు అమెరికా నల్లజాతి ప్రజలు. అంత ధనిక దేశంలో ఆకలేమిటి అనిపించవచ్చు. కానీ 2023లో ఆ దేశ వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం, నల్లజాతి ఇళ్లలో నూటికి 23 ఇళ్లు తిండికి ఇబ్బందిపడ్డాయి. శ్వేతజాతి ఇళ్లలో అది నూటికి 10 లోపే.

అక్కడ ఆకలిని ఒక ఆయుధంగానూ వాడారు. 1962-63 చలికాలంలో మిసిసిపీ రాష్ట్రంలోని లెఫ్లోర్ కౌంటీ అధికారులు, పేదలకు కేంద్రం నుంచి వచ్చే ఆహార పంపిణీని ఆపేశారు. కారణం, నల్లజాతివాళ్లు ఓటరు లిస్టులో పేర్లు రాయించుకోవడం మొదలుపెట్టారు. ఓటు అడిగితే అన్నం ఆగిపోయిందన్నమాట. పెట్టే చెయ్యి ఇంకొకరిది అయితే, ఆ చెయ్యి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చని అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ సంగతి బాగా తెలిసిన మనిషి ఫానీ లూ హామర్. 1917లో మిసిసిపీలో, 20 మంది పిల్లల్లో ఆఖరి సంతానంగా పుట్టింది. ఆరేళ్ల వయసు నుంచే పత్తి ఏరింది. 1962లో ఓటు కోసం పేరు రాయించుకోవడానికి వెళ్లిందని, ఏళ్లుగా పనిచేసిన తోట నుంచి ఆమెను వెళ్లగొట్టారు. 1969లో ఆమె ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టింది. మొదట 40 ఎకరాలు, తర్వాత 600 ఎకరాలు దాటింది. సభ్యత్వం నెలకు ఒక డాలర్. అదీ ఇవ్వలేని ఇళ్లకు కూడా కూరగాయలు అందేవి.

ఆమె పెట్టిన ఇంకో ఏర్పాటు పందుల బ్యాంకు. ఆ జంతువు మనకు హరామే. కానీ అందులోని లెక్క మేకలకూ గొర్రెలకూ వర్తిస్తుంది. ఒక ఇంటికి ఒక ఆడ జంతువును అప్పుగా ఇస్తారు. అది ఈనాక రెండు పిల్లల్ని బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి. మిగిలినవి ఆ ఇంటివే. తిరిగొచ్చిన పిల్లలు ఇంకో రెండిళ్లకు పోతాయి. తీసుకున్న ఇల్లే కొన్నాళ్లకు ఇచ్చే ఇల్లు అవుతుంది.

అదే 1969 జనవరిలో, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో బ్లాక్ పాంథర్ పార్టీ పిల్లలకు ఉచిత టిఫిన్ మొదలుపెట్టింది. ఈ పార్టీ 1966లో పోలీసు దౌర్జన్యాలకు ఎదురుగా, తుపాకులు పట్టుకుని వీధుల్లోకి వచ్చినది. దాని గురించి అభిప్రాయాలు ఎన్నో ఉన్నాయి. కానీ బడికి ఖాళీ కడుపుతో వెళ్లే పిల్లవాడికి పాఠం ఎక్కదన్న సంగతి వాళ్లకు తమ బాల్యం నుంచే తెలుసు. సెయింట్ అగస్టీన్ చర్చిలో తొలిరోజు 11 మంది పిల్లలు తిన్నారు. వారం తిరిగేసరికి 135 మంది అయ్యారు. ఏడాది తిరక్కముందే ఈ పని ఎన్నో నగరాలకు పాకింది. వండింది, వడ్డించింది ఆ వాడలోని తల్లులు, యువకులే. సరుకులు వాడలోని షాపులవాళ్లు ఇచ్చారు.

ప్రభుత్వ గూఢచారి సంస్థ ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఈ టిఫిన్ పథకాన్నే పెద్ద ముప్పుగా చూశాడు. తుపాకీ పట్టిన పార్టీకి జనం దూరంగా ఉండవచ్చు. తమ పిల్లలకు పొద్దున్నే అన్నం పెట్టే పార్టీకి దూరంగా ఉండరు కదా. పార్టీని అణచివేశారు, పథకం నిలవలేదు. అయినా పిల్లలకు పొద్దున టిఫిన్ పెట్టాలన్న మాట దేశమంతా పాకింది. 1966లో చిన్న ప్రయోగంగా మొదలైన ప్రభుత్వ బడి టిఫిన్ పథకం 1975లో శాశ్వతమైంది.

ఇప్పటికీ ఆ పని ఆగలేదు. డెట్రాయిట్ నగరంలో 2006 నుంచి నల్లజాతివాళ్ల ఆహార భద్రత సంస్థ ఒకటి పనిచేస్తోంది. నగరంలోనే పొలం నడిపిస్తోంది. ఆ ప్రయత్నంలోంచి వచ్చిన సహకార కిరాణా దుకాణం 2024లో తెరుచుకుంది. యజమానులు ఆ వాడల జనమే.

మనకిది కొత్త కాదు

ముస్లిం కుటుంబాలకు ఈ కథలో ఒక పాత పేరు గుర్తుకు రావాలి. హజ్రత్ బిలాల్ (రజి). హబషా మూలాలున్న నల్లజాతి మనిషి, మక్కాలో బానిసగా చిత్రహింసలు పడ్డవారు. తొలి ముఅజ్జిన్‌గా ఆయన్ని ప్రతి పిల్లవాడూ ఎరుగును. అజాన్ ఒక్కటే ఆయన పని కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖర్చుల వ్యవహారం చూసింది కూడా ఆయనేనని అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఒంటిమీద బట్ట లేని వ్యక్తి ఎవరైనా వస్తే, అప్పు తెచ్చయినా బట్ట కొనిచ్చి, అన్నం పెట్టే బాధ్యత బిలాల్ (రజి)ది. ఆకలీ అవమానమూ స్వయంగా చూసిన మనిషి చేతిలోనే ఆ సంచి ఉంది.

జకాత్ ఖర్చు పెట్టాల్సిన ఎనిమిది వర్గాలు ఖుర్ఆన్‌లోని తౌబా సూరాలో ఉన్నాయి. పేదలు, నిరుపేదల తర్వాత వచ్చేది, జకాత్ వసూలు చేసి పంచే పనివాళ్లు. అంటే ఈ పని తీరిక దొరికినప్పుడు చేసేది కాదు. దానికి మనుషులు, లెక్క, తిరుగుడు కావాలని ధర్మమే గుర్తించింది. ఫిత్రా కూడా మొదటి నుంచీ గింజల కొలతలోనే ఉంది. పండగ రోజున ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరకూడదన్నదే అందులోని ఉద్దేశం.

దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి పేదలకు అన్నం పెడుతున్న అజహర్ మఖ్సూసీ పేరు చాలామందికి తెలుసు. ప్లాస్టర్ పని చేసుకుని బతికే మనిషి. చిన్నప్పుడే తండ్రి పోయి, పస్తులున్న రోజులు చూశాడు. ఆకలికి మతం లేదన్నది ఆయన పట్టుకున్న మాట. అక్కడ ఎవరి పేరూ ఊరూ అడగరు.

వరద నేర్పిన పాఠం

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఈ బుడమేరు పుట్టేది మైలవరం కొండల్లోనే. అప్పుడు ప్రభుత్వం పడవలు, హెలికాప్టర్లు, చివరికి డ్రోన్లతో కూడా తిండి పంపింది. అన్ని మతాల సంస్థలూ వంటలు చేసి పొట్లాలు కట్టాయి. అయినా అప్పట్లో గట్టిగా వినిపించిన ఫిర్యాదు ఒకటే. రోడ్డు దగ్గర ఉన్నవాళ్లకు అందుతోంది, లోపలి సందుల్లో ఉన్నవాళ్లకు అందడం లేదని.

తిండి లేక కాదు, దారి తెలియక ఇలా జరుగుతుంది. ఏ సందులో మంచం మీదున్న ముసలమ్మ ఉందో, ఏ మేడమీద బాలింత ఉందో ఆ సందులోవాళ్లకే తెలుసు. బయటినుంచి వచ్చే ఎంత మంచి మనిషికైనా ఇది వెంటనే తెలియదు. జహీరాబాద్‌లో నేలమీద ముగ్గుతో గీసిన పటం విలువ ఇక్కడే అర్థమవుతుంది.

మొహల్లాలో ఏం చేయొచ్చు?

మైలవరం లాంటి ఊరికి పెద్ద సంస్థ అక్కర్లేదు. మసీదు కమిటీ, పది మంది ఆడవాళ్లు, ఒక నోటుపుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు.

మొదటిది, లిస్టు. దాన్ని రాసేచోట కిట్ తీసుకునే ఇళ్ల ఆడవాళ్లు కూడా కూర్చోవాలి. బీడీలు చుట్టేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, మామిడి తోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. చెయ్యి చాచడానికి సిగ్గుపడి లైన్‌కు రాని ఇల్లు ఏదో వాళ్లకే తెలుసు. పేర్లు బయట పెట్టకుండా ఇంటికే చేర్చే బాధ్యత కూడా వాళ్లకే ఇవ్వొచ్చు. ఫొటో తీయకపోతే ఇంకా మంచిది.

రెండోది, కాలం. దానధర్మాలు ఎక్కువగా రంజాన్‌లోనే పోగవుతాయి. ఆకలి మాత్రం కూలి పనులు దొరకని నెలల్లో వస్తుంది. ఆ నెలలు ఏవో ఆ ఇళ్లనే అడిగి తెలుసుకుని, సదఖా సొమ్ములో కొంత అప్పటికి దాచి పెట్టాలి.

మూడోది, బస్తాలో ఏముందన్నది. రేషన్ బియ్యం చాలావరకు వస్తూనే ఉన్నాయి. మళ్లీ బియ్యమే ఇచ్చే బదులు కందిపప్పు, శనగలు, వేరుశనగ, బెల్లం, గుడ్లు, రాగులు ఇస్తే రక్తం లేని ఆడపిల్లకు పనికొస్తాయి.

నాలుగోది, తిరిగే నిధి. మేకను ఇచ్చి పిల్లను తిరిగి తీసుకునే ఏర్పాటు, గింజలు అప్పిచ్చి వడ్డీ లేకుండా గింజలే తీసుకునే ఏర్పాటు ఏదైనా కావొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. హనఫీ ఉలమా చెప్పేదాని ప్రకారం జకాత్ సొమ్ము పేదవాడికి పూర్తి సొంతం కావాలి. అప్పుగా తిప్పే నిధికి దాన్ని వాడే ముందు ఉలమాను తప్పకుండా అడగాలి. సదఖాతో అయితే ఆ చిక్కు లేదు, పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ ఇళ్లకూ అది నిరభ్యంతరంగా పోతుంది.

ఆగిపోయినవీ ఉన్నాయి

ఇవన్నీ చేస్తే ఆకలి పోతుందని అనుకోవడానికి లేదు. ఫానీ లూ హామర్ పొలం 1970ల మధ్యకే మూతపడింది. వాతావరణం దెబ్బతీసింది, విరాళాలు తగ్గాయి, పన్నులూ అప్పులూ కట్టలేక భూమి చేజారింది. 1977లో ఆమె కూడా పోయింది. జహీరాబాద్ సంఘాలకు కూడా మొదట్లో బయటి సాయం అవసరమైంది. పేదవాళ్ల నాయకత్వం అంటే ప్రభుత్వం, ధనవంతులు చేతులు దులుపుకోవడం కాదు. రేషన్, బడి భోజనం, అంగన్‌వాడీ సక్రమంగా నడిపించడం ప్రభుత్వం పనే. ఇచ్చే చేతులు కూడా ఇవ్వాల్సిందే.

మారాల్సింది ఒకటే. ఇప్పటిదాకా పేదవాడి ఇంటికి బస్తా వెళుతోంది, అతని మాట మాత్రం కమిటీ గదిదాకా రావడం లేదు. జహీరాబాద్‌లో అక్షరం రాని ఆడవాళ్లు ఊరి లెక్క కట్టారు, పత్తి ఏరిన మనిషి వందల ఎకరాల సాగు నడిపించింది. మైలవరంలోనూ వచ్చే రంజాన్ లిస్టు రాసేటప్పుడు, పోయిన ఏడాది కిట్ తీసుకున్న ఇళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను పిలిచి కూర్చోబెడితే, ఈసారి ఏ ఇల్లు జారిపోయిందో వాళ్లే చెబుతారు.